పైరుకు తెగులు తెలిసేదెలా? రోగనిరోధకతలో హార్మోన్ల పాత్ర

సాగర్ ఎడమ కాలువ కింద, హాలియా, నిడమనూరు, మిర్యాలగూడ వైపు, కార్తీకంలో రాత్రి చలి మొదలై తెల్లవారి ఆకుల మీద మంచు నిలిచే రోజుల్లో వరికి అగ్గితెగులు వస్తుంది. సాంబ మసూరి మడిలో ఆకు మీద మచ్చ కండె ఆకారంలో ఉంటుంది. రెండు కొసలూ సన్నగా, మధ్యలో బూడిద రంగు, చుట్టూ గోధుమ రంగు అంచు. నాలుగు మచ్చలు కలిశాయంటే ఆకు కాలినట్టు అయిపోతుంది. గట్టుకు అవతల తెలంగాణ సోనా వేసి ఉంటే, అదే గాలి, అదే మంచు, అదే శిలీంధ్రం అక్కడా ఉన్నా ఆ మడి చాలాసార్లు పచ్చగానే నిలుస్తుంది. అలా తెగులును తట్టుకునే రకం ఆకును తెంపి వెలుగుకు పెట్టి చూస్తే అక్కడక్కడా గుండుసూది తలకాయంత గోధుమ రంగు చుక్కలు కనిపిస్తాయి.

చుక్కను చూసి తెగులు మొదలైందని కంగారు పడటం సహజం. నిజానికి అక్కడ తెగులు ఆగిపోయింది. శిలీంధ్ర బీజం ఆ చోట ఆకు మీద పడింది, మంచు తడిలో మొలిచింది, ఆకు పై పొరను పొడుచుకుని లోపలి కణంలోకి దిగింది. ఆ కణం దాన్ని గుర్తుపట్టింది. గుర్తుపట్టిన వెంటనే తాను చచ్చిపోయింది, పక్కనున్న కొన్ని కణాలు కూడా చచ్చిపోయాయి. అగ్గితెగులు శిలీంధ్రానికి మొదటి ఒకటి రెండు రోజులు బతికున్న కణమే కావాలి. చచ్చిన కణాల మధ్య దానికి తిండి దొరకదు. సాంబ మసూరిలో ఆ గుర్తింపు జరగదు, లేదా ఆలస్యంగా జరుగుతుంది. ఈలోపు శిలీంధ్రం పక్క కణాల్లోకి పాకిపోతుంది.

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. మనుషుల ఒంట్లో, పశువుల ఒంట్లో రక్తం ఉంది, అందులో తెల్ల కణాలు తిరుగుతూ ఉంటాయి, వేలికి ముల్లు గుచ్చుకుంటే అక్కడికి పరిగెత్తుకొస్తాయి. మొక్కకు అలా తిరిగే కణాలు లేవు. ప్రతి కణం నాలుగు గోడల మధ్య కదలకుండా ఉంటుంది. ఏ కణానికి ఆ కణమే కాపలా. మరి కింది ఆకుకు తెగులు సోకితే పై ఆకుకు ఎలా తెలుస్తుంది? వేరును పురుగు కొరికితే ఆకు ఎలా సర్దుకుంటుంది? ఆ కబురు మోసేది ప్రధానంగా హార్మోన్లు. ఇవి పైరులో ఎంత తక్కువ ఉంటాయంటే, చాలా హార్మోన్ల విషయంలో ఒక గ్రాము ఆకుకు గ్రాములో పది లక్షలో వంతు కూడా ఉండదు.

హార్మోన్ అనగానే మన దగ్గర పురుగుమందుల దుకాణంలో దొరికే గ్రోత్ టానిక్ గుర్తొస్తుంది. పూత రాలకుండా కొట్టేది, గెల పెరగడానికి కొట్టేది, కాయ సైజు రావడానికి కొట్టేది. హార్మోన్లంటే పెరుగుదలకే అన్న అభిప్రాయం అలా స్థిరపడింది. అది సగం సంగతి మాత్రమే. పెరగాలా, కాచుకోవాలా, కాచుకుంటే ఎవరి నుంచి కాచుకోవాలి అని పైరు తేల్చుకునేది కూడా ఈ హార్మోన్లతోనే. మిగతా సగం తెలియకుండా మొదటి సగంతో ఆడుకోవడం వల్ల నష్టం ఉంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

తెగుళ్ల విషయంలో అన్నిటికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు సాలిసిలిక్ ఆమ్లం. జ్వరానికి, నొప్పికి వేసుకునే ఆస్పిరిన్ బిళ్ల దీని తోబుట్టువే. విల్లో చెట్టు బెరడును నొప్పులకు వాడిన పాత వైద్యం నుంచి ఈ పదార్థం బయటికొచ్చింది. మనుషులకు మందుగా వందేళ్లకు పైగా తెలిసినా, మొక్కకు అది దేనికో చాలా కాలం ఎవరికీ తెలియలేదు. 1961లో ఫ్రాంక్ రాస్ అనే శాస్త్రవేత్త పొగాకు మొక్క మీద ఒక ప్రయోగం చేశాడు. కింది ఆకులకు మొజాయిక్ వైరస్ అంటించి కొన్ని రోజులు ఆగి, పై ఆకులకు అదే వైరస్ అంటిస్తే, పై ఆకుల మీద మచ్చలు బాగా తగ్గాయి, వచ్చినవి కూడా చిన్నవి. వైరస్ పై ఆకులకు అంతకుముందు చేరలేదు. కబురు మాత్రం చేరింది. 1979లో వైట్ అనే మరో శాస్త్రవేత్త పొగాకుకు ఆస్పిరిన్ ఇచ్చి చూస్తే, ఏ వైరస్సూ ముందు అంటించకుండానే అదే రక్షణ వచ్చింది. 1990లో కొలిచి చూస్తే, తెగులు సోకిన మొక్క తానే సాలిసిలిక్ ఆమ్లం తయారు చేసుకుంటోందని తేలింది. 1993లో, ఆ ఆమ్లాన్ని తయారైనది తయారైనట్టే విరగ్గొట్టేసే బ్యాక్టీరియా జన్యువును మొక్కలో పెట్టి చూశారు. ఆ మొక్కలకు ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు రక్షణ పాకడం ఆగిపోయింది. దాంతో అనుమానం తీరిపోయింది.

ఒక మొక్క ఆకు నుంచి గాలిలోకి వెళ్లే కబురు కూడా ఉంది. సాలిసిలిక్ ఆమ్లానికి చిన్న మార్పు జరిగితే మిథైల్ సాలిసిలేట్ అవుతుంది, అది ఆవిరిగా పోతుంది. దాని వాసన అందరికీ తెలుసు. నడుం నొప్పికి రాసుకునే బామ్ మూత తీయగానే ముక్కుకు తగిలే వాసనలో అదే ఉంటుంది. ఈ వాసన గురించి బత్తాయి దగ్గర మళ్లీ మాట్లాడుకోవాలి.

వరి సంగతి కొంచెం వేరు. తెగులు లేకపోయినా వరి ఆకులో సాలిసిలిక్ ఆమ్లం మొదటి నుంచీ ఎక్కువగానే ఉంటుంది. తెగులు వచ్చినప్పుడు పొగాకులో లాగా అది ఒక్కసారిగా పెరగదు. ఉన్నదాన్ని విని స్పందించే యంత్రాంగం ఎంత చురుగ్గా ఉందన్నది అక్కడ ముఖ్యం. జపాన్‌లో 1975 నుంచి అగ్గితెగులుకు ప్రొబెనజోల్ అనే మందు వాడుతున్నారు. ఇది ప్రధానంగా శిలీంధ్రాన్ని చంపే మందు కాదు, వరిలో ఈ సాలిసిలిక్ దారిని తట్టి లేపుతుంది. తెగులు రాకముందే ఇస్తే పని చేస్తుంది, మచ్చలు కలిసిపోయాక ఇస్తే ఉపయోగం అంతంతే.

రెండో పేరు జాస్మోనిక్ ఆమ్లం. మల్లెజాతి పూల సువాసనలో ఉండే పదార్థానికి దగ్గరి బంధువు కాబట్టి ఆ పేరు. ఆకును పురుగు కొరికినప్పుడు కణం పొరల్లోని కొవ్వు నుంచి ఇది నిమిషాల్లో తయారవుతుంది. పాలమూరు వైపు ఆముదం చేలో దాసరి పురుగు పడ్డప్పుడు, పల్లి చేలో లద్దెపురుగు పడ్డప్పుడు మోగే గంట ఇదే. 1972లో బంగాళాదుంప, టమాట ఆకుల మీద తేలిన సంగతి చాలా గొప్పది: ఒక ఆకును పెంకుపురుగు కొరికితే మొక్కంతటా, పురుగు ముట్టని ఆకుల్లో కూడా, పురుగు పొట్టలో ప్రోటీన్లు అరగకుండా అడ్డుపడే పదార్థాలు పేరుకుంటాయి. అంటే పురుగు ఆకు తింటుంది, తిన్నది ఒంటికి పట్టదు. 1990లో ఇంకో అడుగు ముందుకు పడింది. సేజ్‌బ్రష్ అనే అమెరికా పొద కొమ్మను టమాట మొక్క పక్కన మూసిన పెట్టెలో పెడితే, ఆ పొద వదిలే మిథైల్ జాస్మోనేట్ ఆవిరికే టమాట తన రక్షణ మొదలుపెట్టేసింది. మామూలు రోజుల్లో ఈ రక్షణ జన్యువుల మీద కొన్ని ప్రోటీన్లు మూతలా కూర్చుని ఉంటాయి, జాస్మోనిక్ ఆమ్లం వచ్చి ఆ మూత తీయిస్తుంది.

మూడోది ఎథిలీన్. మామిడికాయ మగ్గడానికి కారణమైన వాయువు ఇదే కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. తెగుళ్ల విషయంలో ఇది చాలాసార్లు జాస్మోనిక్ ఆమ్లంతో జతకట్టి పని చేస్తుంది.

ఇక అసలు చిక్కు. సాలిసిలిక్ దారి తెరుచుకుంటే జాస్మోనిక్ దారి చాలాసార్లు మూసుకుంటుంది. అటుది తెరిస్తే ఇటుది మూసుకుంటుంది. ఇదేదో లోపం అనిపిస్తుంది కానీ, తెగుళ్ల రకాలు చూస్తే అందులో లెక్క ఉందని అర్థమవుతుంది. కొన్ని క్రిములకు బతికున్న కణం కావాలి. వాటికి వ్యతిరేకంగా కణాన్ని చంపేయడం మంచి ఎత్తు, గుండుసూది చుక్క అదే. కొన్ని శిలీంధ్రాలు కణాన్ని ముందు చంపి తర్వాత తింటాయి. ఆముదం గెలల మీద ముసురు పట్టినప్పుడు వచ్చే బూజు తెగులు అలాంటిది. నల్గొండ, మహబూబ్‌నగర్ పాత ఆముదం రైతులకు దీని గురించి చెప్పాల్సిన పని లేదు, వారం రోజుల వాన గెలను దూది ఉండలా చేసేస్తుంది. వరిలో పాముపొడ తెగులు, పల్లిలో మొదలు కుళ్లు కూడా ఈ కోవవే. ఇలాంటి శత్రువు ముందు మొక్క తన కణాలను చంపుకుంటే, దానికి వడ్డించి పెట్టినట్టే. అందుకే ఇక్కడ కణాన్ని బతికిస్తూ విషాలు తయారు చేసే జాస్మోనిక్, ఎథిలీన్ దారి కావాలి. రెండు దారులూ ఒకేసారి పూర్తిగా తెరవడం కుదరదు. ఏది తెరవాలో సరిగ్గా తేల్చుకుంటేనే పైరు నిలుస్తుంది.

ఈ బేరం వరిలో ఎంత కచ్చితంగా ఉంటుందో 2009లో వచ్చిన ఒక ప్రయోగం చూపించింది. జాస్మోనిక్ ఆమ్లం తయారీకి అవసరమైన ఒక జన్యువును వరిలో అణిచేశారు. అనుకున్నట్టే ఆ వరిని చారల మొగిపురుగు ఎక్కువగా దెబ్బతీసింది, ఆకుముడత పురుగూ బాగా పెరిగింది. అదే వరి మీద సుడిదోమను వదిలితే దోమ సరిగ్గా బతకలేదు. జాస్మోనిక్ తగ్గడంతో సాలిసిలిక్ వైపు పెరిగి, రసం పీల్చే దోమకు ఆ మొక్క పనికిరాకుండా పోయింది. మొగిపురుగు, సుడిదోమ రెండూ ఒకే పంటలో చూసే ఆయకట్టు రైతుకు ఇది చాలా దగ్గరి విషయం. ఒకదాని మీద బలం ఇంకోదాని దగ్గర బలహీనత అవుతుంది. అన్ని తెగుళ్లకూ, అన్ని పురుగులకూ ఇమ్యూనిటీ అని డబ్బా మీద రాసి అమ్మేవాటిని నమ్మే ముందు ఈ ఒక్క ప్రయోగాన్ని గుర్తు తెచ్చుకోవడం మంచిది. అయితే ఈ రెండు దారుల పోట్లాట ఎప్పుడూ ఇలాగే ఉంటుందని కూడా అనుకోకూడదు. వరిలో కొన్ని రక్షణ జన్యువులను రెండు హార్మోన్లూ కలిసి లేపుతాయి, బ్యాక్టీరియా ఎండాకు తెగులు మీద జాస్మోనిక్ కూడా పని చేస్తుంది.

తెగులు క్రిములకు ఈ లెక్కలన్నీ తెలుసు. లక్షల ఏళ్లుగా మొక్కల పక్కనే బతుకుతున్నాయి కాబట్టి మొక్క మాటను దొంగిలించి, మొక్క గొంతుతోనే అబద్ధం చెప్పడం నేర్చుకున్నాయి. ఆకు మీద బ్యాక్టీరియా పడగానే పత్రరంధ్రాలు గంట రెండు గంటల్లో మూసుకుంటాయని 2006లో అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్కలో చూశారు. సూడోమోనాస్ సిరింజే అనే తెగులు బ్యాక్టీరియా మాత్రం కొరొనటిన్ అనే పదార్థం వదులుతుంది. జాస్మోనిక్ ఆమ్లం మొక్కలో ఏ రూపంలో పని చేస్తుందో అది అచ్చం అలాగే ఉంటుంది. పురుగు కొరికిందేమోనని మొక్క అటు తిరుగుతుంది, సాలిసిలిక్ దారి తగ్గుతుంది, మూడు నాలుగు గంటలకల్లా మూసుకున్న రంధ్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. బ్యాక్టీరియా లోపలికి వెళ్లిపోతుంది.

బత్తాయిలో జరిగే మోసం ఇంకా సూటిగా ఉంటుంది. బోర్లు ఎండి, ట్యాంకర్లతో నీళ్లు పోసి, చివరికి చెట్లు కొట్టేసుకున్న కరువు సంవత్సరాలు దాటి నిలబడ్డ నల్గొండ తోటలకు గ్రీనింగ్ తెగులంటే భయం ఉండటం న్యాయమే. ఈ తెగులు బ్యాక్టీరియా ఆహారం మోసే నాళాల్లో ఉంటుంది, సిట్రస్ సిల్లా అనే చిన్న పురుగు ద్వారా, తెగులున్న చెట్టు నుంచి తీసిన అంటుకొమ్మ ద్వారా పాకుతుంది. ఆకును ఈనె మీద మడిచినట్టు ఊహించి చూస్తే గుర్తుపట్టొచ్చు. పోషకాల లోపమైతే ఈనెకు రెండు వైపులా పసుపు ఒకేలా ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒకవైపు మచ్చ ఒక చోట, రెండోవైపు ఇంకో చోట ఉంటుంది, జత కుదరదు. కాయ ఒక పక్కకు వంకర తిరుగుతుంది, కోసి చూస్తే గింజలు నల్లబడి పొల్లుగా ఉంటాయి. ఈ బ్యాక్టీరియా సాలిసిలిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టే ఎంజైమును తానే తయారు చేసుకుంటుందని 2017లో తేలింది. 1993లో శాస్త్రవేత్తలు పొగాకులో చేసిన పనినే ఈ క్రిమి ఎవరూ నేర్పకుండా బత్తాయిలో చేస్తోందన్నమాట. చెట్టు కబురు పంపుతూనే ఉంటుంది, కబురు దారిలోనే చెరిగిపోతుంది.

అక్కడితో ఆగదు. తెగులు సోకిన నిమ్మజాతి చెట్లు ఆ బామ్ వాసన, మిథైల్ సాలిసిలేట్, ఎక్కువగా వదులుతాయి. ఆ వాసనకు సిల్లా పురుగులు వస్తాయని 2012లో వచ్చిన పరిశోధన చెప్పింది. వచ్చిన పురుగు తెగులున్న చెట్టు రసం పీల్చి, అందులో పోషకాలు సరిగ్గా లేక కొన్నాళ్లకు ఆరోగ్యంగా ఉన్న చెట్టుకు మారుతుంది, బ్యాక్టీరియాను వెంట తీసుకెళ్తుంది. చెట్టు కాపాడుకోవడానికి పుట్టించిన వాసన తెగులుకు బండి కట్టి పెడుతోంది. తోటలో గ్రీనింగ్ చెట్టును చూసి కూడా, ఇంకో పంట కాస్తుందేమోనని వదిలేయడం ఎందుకు ప్రమాదమో ఇందులో ఉంది.

వరి నారుమడిలో ఇంకో ఉదాహరణ. అన్ని మొక్కల కన్నా జానెడు ఎత్తుగా, పాలిపోయి, సన్నగా సాగిన మొక్కలు అక్కడక్కడా కనిపిస్తాయి. నాటాక చాలావరకు చచ్చిపోతాయి, బతికినవి తాలు కంకులు వేస్తాయి. జపాన్ రైతులు దీన్ని బకానే అన్నారు, తెలివిలేని మొక్క అని అర్థం. 1926లో కురొసావా అనే శాస్త్రవేత్త, ఈ తెగులు తెచ్చే ఫ్యూజేరియం శిలీంధ్రాన్ని పెంచిన ద్రావణంలో శిలీంధ్రాన్ని వడకట్టి తీసేసి, మిగిలిన ద్రావణం పోసినా నారు అలాగే సాగుతుందని చూపించాడు. 1935లో యబుటా అనే మరో శాస్త్రవేత్త ఆ పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. మొక్కలు తమ పెరుగుదలకు ఇదే వాడతాయని తెలిసింది ఆ తర్వాతే. అంటే ఈరోజు దుకాణంలో గ్రోత్ మందుగా అమ్మే జిబ్బరెల్లిక్ యాసిడ్ మొదట దొరికింది తెగులు క్రిమి దగ్గర.

జిబ్బరెల్లిన్ ఎక్కువైన వరికి అగ్గితెగులు, ఎండాకు తెగులు సులువుగా సోకుతాయని ఆ తర్వాతి పరిశోధనలు చూపాయి. కారణం, పెరుగుదలను పట్టి ఉంచే డెల్లా ప్రోటీన్లను జిబ్బరెల్లిన్ తొలగిస్తుంది. ఆ ప్రోటీన్లే రక్షణకు కూడా వత్తాసు. ఆక్సిన్ అనే మరో పెరుగుదల హార్మోన్ సంగతీ ఇలాంటిదే. పెరగడానికి అది కణం గోడను వదులు చేస్తుంది, వదులైన గోడ ఎండాకు తెగులు బ్యాక్టీరియాకు కలిసొస్తుంది. 2008లో వరిలో ఆక్సిన్‌ను కట్టిపడేసే జన్యువును పెంచితే తెగులు తగ్గింది, దాంతోపాటు మొక్క ఎదుగుదలా తగ్గింది. పైరు ఏపుగా ఉంటే బలంగా ఉన్నట్టు అనుకోవడం మనకు అలవాటు. ఏపు, బలం వేరు వేరు ఖర్చులు, రెండూ ఒకే జేబులోంచి రావాలి.

యూరియా గురించి అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తుంది. పక్క మడి నల్లగా ఉందని ఇంకో బస్తా చల్లడం ఆయకట్టులో మామూలైపోయింది. నత్రజని ఎక్కువైన వరికి అగ్గితెగులు, ఎండాకు తెగులు, సుడిదోమ మూడూ పెరుగుతాయి. ఇందులో అంతా హార్మోన్లదే కాదు. ఆకు మెత్తబడుతుంది, రసంలో పురుగుకు కావలసిన అమైనో ఆమ్లాలు పెరుగుతాయి, దుబ్బు గుబురై లోపల తేమ నిలుస్తుంది. కానీ మొక్క తన మొగ్గును పెరుగుదల వైపు తిప్పుకోవడం కూడా అందులో ఉంది. అలా తిప్పుకున్న పైరుకు పైనుంచి గ్రోత్ టానిక్ కూడా కొడితే అదే వైపు ఇంకో తోపు తోసినట్టు. తెగులు మచ్చలు కనిపిస్తున్న మడిలో, పైరు తేరుకుంటుందని యూరియా, టానిక్ కలిపి కొట్టడం ఆపాలి. అది తేరుకోవడానికి సాయం చేయదు.

కాలువ దాటి పాలమూరు మెట్ట భూముల్లోకి వస్తే నీటి కరువు హార్మోను ముందుకొస్తుంది. అబ్సిసిక్ ఆమ్లం. నేల ఎండగానే ఇది పెరిగి ఆకు రంధ్రాలు మూయిస్తుంది, నీరు ఆవిరి కాకుండా ఆపుతుంది. రంధ్రాలు మూయడం బ్యాక్టీరియా లోపలికి రాకుండా కూడా పనికొస్తుంది. కానీ క్రిమి ఒకసారి లోపలికి వచ్చాక, ఎక్కువైన అబ్సిసిక్ ఆమ్లం సాలిసిలిక్ దారిని అణుస్తుంది. నీటి ఎద్దడిలో ఉన్న వరికి అగ్గితెగులు ఎక్కువ సోకేది ఇందువల్ల కూడా. అగ్గితెగులు శిలీంధ్రం అబ్సిసిక్ ఆమ్లాన్ని తానే తయారు చేయగలదు కూడా. ఆలంపూర్, గద్వాల వైపు నల్లరేగడిలో వేసే శెనగకు కాయ దశలో ఎండ పెరిగి తేమ తగ్గితే ఎండు కుళ్లు వస్తుంది. మొక్కను పీకితే తల్లివేరు పెళుసుగా విరిగి, పక్క వేర్లు నేలలోనే ఉండిపోతాయి. వేడి, పొడి సంవత్సరాల్లో ఈ తెగులు పెరుగుతోందని పటాన్‌చెరులోని ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు చాలా కాలంగా చెబుతున్నారు.

వేడి గురించి 2022లో ఒక ముఖ్యమైన సంగతి బయటపడింది. అరబిడాప్సిస్‌ను 23 డిగ్రీల్లో పెంచితే తెగులు సోకగానే సాలిసిలిక్ ఆమ్లం తయారు చేసుకుంటుంది, 28 డిగ్రీల్లో పెంచితే చేసుకోలేదు. ఆ తయారీని నడిపించే ఒక ముఖ్య జన్యువు వేడికి మూగబోతుంది. ఎండాకాలం 45 డిగ్రీలు చూసే నల్గొండకు ఈ అంకెను ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. అరబిడాప్సిస్ చల్లని ప్రాంతాల మొక్క, వరికి 28 డిగ్రీలు హాయి. ప్రతి పంటకూ తన హద్దు వేరు. వరిలోనే ఎక్స్‌ఏ7 అనే ఎండాకు తెగులు నిరోధక జన్యువు వేడి పెరిగితే ఇంకా బాగా పని చేస్తుంది. ఇలాంటివి వెతికి మన రకాల్లోకి తెచ్చుకోవడం తెలంగాణ పంటలకు చాలా అవసరం.

జొన్న చేలలో వచ్చే మల్లె కలుపు (స్ట్రైగా, జొన్న వేరు మీద బతికే పరాన్న మొక్క) కూడా ఈ కథలోదే. జొన్న వేరు, నేలలో ఫాస్ఫరస్ తక్కువైనప్పుడు, మంచి శిలీంధ్రాలను పిలవడానికి స్ట్రైగోలాక్టోన్ అనే హార్మోన్ వదులుతుంది. ఏళ్ల తరబడి మట్టిలో పడి ఉన్న మల్లె గింజ ఆ పిలుపు విని మొలిచి వేరును పట్టుకుంటుంది.

ఇంత తెలిశాక సాలిసిలిక్ ఆమ్లం కొనుక్కొచ్చి కొట్టేస్తే సరిపోదా అనిపించొచ్చు. ప్రయోగశాలల్లో, ప్రయోగ మడుల్లో అది పని చేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇబ్బంది మోతాదులో, సమయంలో ఉంది. కాస్త ఎక్కువైతే ఆకు మాడుతుంది. తెగులు రాకముందు కొట్టాలి, ఏ తెగులు వస్తుందో తెలిసి కొట్టాలి. పాముపొడ వచ్చే మడిలో, మొగిపురుగు ఉన్న మడిలో సాలిసిలిక్ దారిని లేపడం ఎదురు తిరగొచ్చు. ఎప్పుడూ ఆ దారి తెరిచే ఉండేలా మొక్కను మార్చినా చిక్కే. అరబిడాప్సిస్‌లో అలాంటి మొక్కలు గిడసబారి, ఆకుల మీద తమంతట తామే మచ్చలు తెచ్చుకుంటాయి. 2017లో డ్యూక్ యూనివర్సిటీలోని షిన్నియన్ డాంగ్ బృందం, చైనా శాస్త్రవేత్తలతో కలిసి దీనికి ఒక దారి చూపించింది. సాలిసిలిక్ కబురును విని పని మొదలుపెట్టే ఎన్‌పీఆర్1 అనే ప్రోటీన్‌ను, తెగులు తగిలినప్పుడు మాత్రమే గబగబా తయారై మిగతా సమయంలో ఆగిపోయేలా ఒక స్విచ్‌కు కట్టి వరిలో పెట్టారు. ఎండాకు తెగులు, అగ్గితెగులు తగ్గాయి, దిగుబడి తగ్గలేదు. ఇది ఇంకా రైతు పొలానికి రాలేదు.

పొలానికి వచ్చినవి వేరే ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి సాంబ మసూరిలోకి మూడు ఎండాకు తెగులు నిరోధక జన్యువులు చేర్చి ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని 2008లో విడుదల చేశాయి. అందులో ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, బ్యాక్టీరియా రాకను కణం బయటే పసిగడుతుంది. గుర్తింపు తొందరగా జరిగితే హార్మోన్ల కబురు తొందరగా బయలుదేరుతుంది. ఏటా ఎండాకు తెగులు చూసే ఊళ్లలో కూడా ఈ విత్తనం ఇంకా అందరికీ చేరకపోవడం బాధ కలిగించే విషయం.

ఇంకోటి, అందరికీ అందుబాటులో ఉన్నది, వేరు దగ్గరి మంచి సూక్ష్మజీవులు. కొన్ని సూడోమోనాస్ రకాల బ్యాక్టీరియా వేరును పట్టుకుని ఉంటే ఆకులకు రక్షణ వస్తుంది. సాలిసిలిక్ లేకపోయినా వస్తుంది. అది జాస్మోనిక్, ఎథిలీన్ దారిన నడుస్తుందని 1998లో నెదర్లాండ్స్‌లో పీటర్స్ బృందం తేల్చింది. ఇలాంటి మొక్క రక్షణ పదార్థాలను ముందే తయారు చేసి పెట్టుకోదు, సిద్ధంగా మాత్రం ఉంటుంది. క్రిమి తగిలినప్పుడు మామూలు మొక్క కన్నా త్వరగా, గట్టిగా స్పందిస్తుంది. ఖర్చు తక్కువ, ఎదుగుదల ఆగదు. ట్రైకోడెర్మా శిలీంధ్రం ఈ పనితో పాటు చెడ్డ శిలీంధ్రాన్ని నేరుగా చుట్టుకుని తింటుంది కూడా.

యాసంగి పల్లి వేసే వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు మొదలు కుళ్లుకు చేయదగ్గ పని దుక్కికి ముందే ఉంది. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, చెట్టు నీడన కుప్ప పోసి, నీళ్లు చిలకరించి గోనె సంచులు కప్పాలి. సంచులు ఎండకుండా రోజూ తడుపుతూ ఉండాలి. వారం పది రోజులకు సంచి లేపి చూస్తే కుప్ప మీద తెల్లటి బూజు పాకి, అక్కడక్కడా ఆకుపచ్చగా మారుతూ ఉంటుంది. ఆ పచ్చ కనిపించాక, నేలలో తేమ ఉన్నప్పుడు, సాయంత్రం పూట ఎకరం చేలో చల్లుకోవాలి.